రాత్రంతా చార్జింగ్‌లో ఉంచిన పడవకి అడుగున గుంటలు పడుతున్నాయి, ఎర్త్ వైరు వల్లేనా?

గట్టుమీద శీను

అందరికీ నమస్కారం. శామీర్‌పేట దాటాక మా బావగారికి చిన్న రిసార్టు ఉంది, ఆనుకునే చెరువు. పోయినేడు అందులో ఒక అల్యూమినియం పడవ దింపాం. రెండు పొడుగాటి పీపాలు, వాటి మీద ప్లాట్‌ఫారం, పన్నెండు కుర్చీలు, వెనక ఎలక్ట్రిక్ మోటారు, 48 వోల్టుల బ్యాటరీ సెట్టు. చార్జర్‌ని పడవలోనే సీటు కింద బిగించి ఇచ్చారు. శని ఆదివారాలు తప్ప దానికి పనుండదు కాబట్టి మిగతా వారమంతా గట్టు మీది షెడ్డులో 16 ఆంపియర్ల సాకెట్‌కి ప్లగ్ పెట్టి వదిలేస్తాం, మాకేం తెలుసు, ఫోన్‌లాగే అనుకున్నాం.

మొన్న పడవను పైకి లాగి చూస్తే గుండె ఆగినంత పనైంది. నీళ్లలో మునిగే భాగమంతా తెల్లటి పొడి. గోరుతో గీకితే వెల్ల వేసిన గోడలా రాలుతోంది, దాని కింద కందిబద్ద పట్టేంత గుంటలు. ఒకచోట స్క్రూడ్రైవర్ మొన ఆనిస్తే లోపలికి దిగిపోయింది. రేకు మందమే రెండున్నర మిల్లీమీటర్లు, వయసు ఎనిమిది నెలలు. అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే "మీ నీళ్లు బాగోలేవు సార్" అని పెట్టేశారు.

ఇంకో విచిత్రం. పడవ బదులు ఇవి అరిగిపోతాయి అని చెప్పి అడుగున నాలుగు జింకు బిళ్లలు బిగించారు. పడవ పాడైంది గానీ బిళ్లలు మాత్రం కొత్తవాటిలా ఉన్నాయి, పైన తెల్లటి పెచ్చు కట్టింది అంతే. పక్కనే గుర్రపుడెక్క తీసే ఇనుప పడవ ఒకటి ఉంటుంది, అదీ అదే బోర్డులో చార్జింగ్. దానికి ఏమీ కాలేదు. మా ఎలక్ట్రీషియన్ ఎర్త్ వైరు వల్లే అంటున్నాడు, బావగారు నవ్వుతున్నారు. ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

బాలానగర్ ఫిట్టర్

మీ ఎలక్ట్రీషియన్ కరెక్టే శీనన్నా, ఆయనకి చాయ్ ఇప్పించండి.

మా షాపులో రోజూ చూసేదే ఇది, పడవల్లో కాదు, పైపుల్లో. జీఐ పైపుకి, అంటే జింకు పూత ఉన్న ఇనుప పైపుకి, ఇత్తడి వాల్వు బిగిస్తే రెండేళ్లలో ఆ జాయింటు దగ్గరే పైపు తొలుచుకుపోతుంది, వాల్వు మాత్రం మెరుస్తుంటుంది. రెండు వేరు వేరు లోహాలు, మధ్యలో నీళ్లు, రెండిటికీ ఎక్కడో ఒకచోట లోహంతో సంబంధం, ఈ మూడూ కుదిరితే అది బ్యాటరీ అయిపోయినట్టే. బలహీనమైన లోహం కరుగుతుంది, రెండోది హాయిగా ఉంటుంది. మీ దగ్గర నీళ్లు ఉన్నాయి, అల్యూమినియం ఉంది, ఇనుప పడవ ఉంది. రెండిటినీ కలిపే వైరు ఏదంటే చార్జింగ్ కేబుల్‌లో ఉన్న పచ్చ వైరు. ఈ పడవ ఎర్త్, ఆ పడవ ఎర్త్, రెండూ షెడ్డు బోర్డులో ఒకే పట్టీకి కలుస్తాయి కదా.

కూకట్‌పల్లి కింగ్

సింపుల్ భయ్యా. ప్లగ్‌లో ఎర్త్ పిన్ను తీసెయ్. రెండు పిన్నులతో చార్జర్ మస్తు నడుస్తుంది. మా ఇంట్లో సగం వస్తువులు అట్లనే నడుస్తున్నాయి.

రిటైర్డ్ ఏఈ

ఆ పని మాత్రం చేయకండి. ఈ ఒక్క మాట చెప్పడానికే లాగిన్ అయ్యాను.

నేను ముప్పై ఏళ్లు కరెంటు డిపార్ట్‌మెంటులో చేసినవాణ్ణి. ప్రతి ఎండాకాలం ఎర్త్ లేని ఇనుప కూలర్‌లో నీళ్లు పోస్తూ ఎవరో ఒకరు పోవడం చూశాం. పడవ అంతకంటే ఘోరం. చార్జర్ లోపల ఫేజ్ వైరు ఇన్సులేషన్ ఊడి బాడీకి తగిలిందనుకోండి, ఎర్త్ ఉంటే కరెంటు అటు పోయి ఫ్యూజో, ఆర్‌సీసీబీయో (లీకేజీని కనిపెట్టి కరెంటు ఆపే స్విచ్) పడిపోతుంది. ఎర్త్ లేకపోతే పడవ బాడీ మొత్తానికి 230 వోల్టులు. ఆ బాడీ నీళ్లలో ఉంది. గుర్రపుడెక్క పీకడానికి నడుం లోతు నీళ్లలో దిగినవాడు పడవ అంచు పట్టుకుంటే? చెరువు నీళ్లు మంచినీళ్లే కదా అని అనుకోవద్దు, మంచినీళ్లలోనే ప్రమాదం ఎక్కువ. సముద్రపు నీళ్లు మనిషి కన్నా బాగా కరెంటును మోస్తాయి కాబట్టి అది చాలావరకు మనిషి చుట్టూ తిరిగి పోతుంది. మంచినీళ్లలో మనిషి శరీరమే మెరుగైన వాహకం, కరెంటు మనిషిని వెతుక్కుంటూ వస్తుంది. అప్పుడు షాక్‌తోనే చనిపోనక్కర్లేదు, కండరాలు బిగుసుకుపోయి ఈత కొట్టలేక మునిగిపోతాడు. పైకి తీశాక చూస్తే ఒంటి మీద మచ్చ కూడా ఉండదు.

శీనుగారూ, ముందు ఆ షెడ్డు బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో చూడండి. పడవ సంగతి తర్వాత.

కూకట్‌పల్లి కింగ్

సారీ సార్, నీళ్ల సంగతి ఆలోచించలేదు. మా ఇంట్లో కూలర్‌కి కూడా పిన్ను లేదు, ఇయ్యాలే మార్పిస్తా.

విశాఖ లాంచీ

నేను హార్బర్‌లో ఇంజిన్ పనులు చేస్తానండి, ఇప్పుడు మా అమ్మాయి దగ్గరకొచ్చి మియాపూర్‌లో ఉన్నాను. శీనుగారు రాసిన దాంట్లో ఒక్క ముక్క చదవగానే నవ్వొచ్చింది, జింకు బిళ్లలు కొత్తవాటిలా ఉన్నాయని. అక్కడే ఉంది కిటుకు. బిళ్ల అరగలేదంటే పడవ క్షేమంగా ఉందని కాదండీ, బిళ్ల పని చేయలేదని. మా దగ్గర జింకు సగానికి సగం తినేసి, జల్లెడలా కనిపిస్తే అప్పుడు మేం సంతోషిస్తాం.

జింకు ఉప్పునీటి సరుకు. మంచినీళ్లలో దాని మీద తెల్లటి పొర కట్టుకుని పడుకుంటుంది, మీరు పెచ్చు అన్నారే అదే. చెరువులకీ నదులకీ మెగ్నీషియం బిళ్లలు వాడాలి. ఉప్పు, మంచినీరు కలిసే చోట అల్యూమినియం మిశ్రమం బిళ్లలు వేస్తారు, వాటిలో కొద్దిగా ఇండియం కలిపి పొర కట్టకుండా చేస్తారు. మెగ్నీషియాన్ని సముద్రంలో వేస్తే మాత్రం చూస్తుండగానే కరిగిపోతుంది, పైగా పడవకే చేటు అవుతుంది. మీకు అమ్మినవాళ్లు ఏ సముద్రపు పడవ లిస్టో చూసి అవే బిగించి పంపినట్టున్నారు.

ఇంకొకటి, బిళ్లకి రంగు వేయకూడదు. బిళ్లకీ పడవకీ మధ్య పెయింటు ఉండకూడదు. మా కుర్రాడొకడు అందంగా ఉంటుందని పడవతో పాటు బిళ్లలకీ నీలం రంగు కొట్టాడు ఒకసారి. ఆర్నెల్ల తర్వాత చుక్కాని ఇరుసు చూసుకుని అందరం తలలు పట్టుకున్నాం.

కెమిస్ట్రీ మేడమ్

ఇదే జబ్బు మీ బాత్రూమ్‌లోనూ ఉంది. గీజర్ ట్యాంకు లోపల మెగ్నీషియం కడ్డీ ఒకటి వేలాడుతూ ఉంటుంది, ట్యాంకు తుప్పు పట్టకుండా అది కరగాలి. మన బోరు నీళ్లకి మా ఇంట్లో రెండేళ్లలో వేలంత కడ్డీ తీగలా మిగిలింది. సర్వీసు అబ్బాయి చెప్పేదాకా అలాంటిది ఉందనే నాకు తెలీదు, పాఠం చెప్పే నాకే!

లెక్కలో చూస్తే, సముద్రపు నీటిలో వెండి–వెండి క్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో కొలిచినప్పుడు మెగ్నీషియం సుమారు మైనస్ 1.6 వోల్టులు, జింకు మైనస్ 1.03, పడవల అల్యూమినియం మైనస్ 0.75 చుట్టుపక్కల, మామూలు ఇనుము మైనస్ 0.6, రాగి, కంచు మైనస్ 0.3 అటూ ఇటూ. మంచినీళ్లలో అంకెలు కొంచెం మారతాయి, వరుస మాత్రం ఇంచుమించు ఇదే. మైనస్ ఎక్కువ ఉన్నది కరుగుతుంది, తక్కువ ఉన్నది బతుకుతుంది. అందుకే ఇనుప పడవకి ఏమీ కాలేదు, దాని బదులు మీ పడవ బిళ్లగా మారింది.

1824లో హంఫ్రీ డేవీ ఇదే సూత్రంతో బ్రిటిష్ నౌకల రాగి రేకుల్ని కాపాడబోయాడు. రేకు మీద చిన్న జింకు ముక్కలు, ఇనుప ముక్కలు బిగించాడు. రాగి కరగడం నిజంగానే ఆగిపోయింది. ఆగిపోయేసరికి నాచూ గవ్వ పురుగులూ వచ్చి రేకుకి అంటుకున్నాయి, ఎందుకంటే కరిగే రాగి విషమే అన్నాళ్లూ వాటిని దూరంగా ఉంచింది. మందు పని చేసింది గానీ నౌకల వేగం పడిపోయింది. క్లాసులో ఈ కథ చెప్తే పిల్లలు ఎప్పటికీ మర్చిపోరు.

శీనుగారూ, మీ ఇంట్లో ఆర్‌ఓ ఫిల్టర్ వాళ్లిచ్చిన టీడీఎస్ మీటర్ ఉంటే చెరువు నీళ్లలో లవణాలు ఎంత కరిగి ఉన్నాయో కొలిచి చెప్పగలరా?

గట్టుమీద శీను

ఇంతమంది స్పందిస్తారని అనుకోలేదు, థాంక్స్ అందరికీ. టీడీఎస్ 840 వచ్చింది మేడమ్. బోర్డులో ఆర్‌సీసీబీ లేదు సార్, ఉత్త ఎంసీబీ ఉంది. నిన్ననే 30 మిల్లీఆంపియర్లది పెట్టించాను.

ఎర్త్ సంగతి అడిగితే, షెడ్డు వెనకే, నీళ్లకి నాలుగు గజాల దూరంలో గుంత తీసి రాగి పలక పాతారట. బొగ్గు, ఉప్పు వేసి. మా బావగారు దగ్గరుండి చేయించారు, "అసలు రాగి పెట్టించాను, ఇనుము కాదు" అని ఇప్పటికీ గొప్పగా చెప్తారు.

రిటైర్డ్ ఏఈ

అయ్యో. ఎర్తింగ్‌గా చూస్తే బావగారు చేసింది నూటికి నూరుపాళ్లు కరెక్టు. 600 బై 600 మిల్లీమీటర్లు, 3.15 మందం రాగి పలక, మన దేశపు ఎర్తింగ్ ప్రమాణం ఐఎస్ 3043 చెప్పేదీ అదే. కానీ తడి నేలలో, ఉప్పు వేసి మరీ పాతిన అంత పెద్ద రాగి పలకకి మీ అల్యూమినియం పడవని వైరుతో కలిపారు. గట్టు మట్టి తడి, చెరువు నీళ్లు, అంతా ఒకటే ద్రవం. అంటే మీ శత్రువు ఇనుప పడవ ఒక్కటే కాదు, దానికన్నా పెద్దది గట్టు కింద ఉంది.

ఊహలు వద్దు, కొలవండి. రెండు పడవల ప్లగ్గులూ ఊడదీసి, సాకెట్ ఎర్త్ రంధ్రానికీ మీ పడవ ప్లగ్ ఎర్త్ పిన్నుకీ మధ్య ముందు ఏసీ వోల్టులు చూడండి. అర వోల్టో ఒకటో అయితే సరే, ఎక్కువ వస్తే ముట్టుకోకుండా ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. ఏమీ లేకపోతే మల్టీమీటర్‌ని డీసీ మిల్లీఆంపియర్ల రేంజ్‌లో పెట్టి, ఎర్ర ప్రోబ్ సాకెట్ ఎర్త్‌లో, నల్ల ప్రోబ్ పడవ ప్లగ్ ఎర్త్ పిన్నుకి ఆనించండి. అంకె ప్లస్‌లో వస్తే తరుగుతున్నది మీ పడవ. తర్వాత ఇనుప పడవ ప్లగ్ పెట్టి మళ్లీ చూడండి. ప్రోబ్ పొరపాటున ఫేజ్ రంధ్రంలో పెట్టారో మీటర్ పేలుతుంది, సాకెట్ స్విచ్ ఆఫ్ చేసి, మెయిన్ కూడా ఆఫ్ చేసి చేయండి.

గట్టుమీద శీను

చేశాం సార్. నేనూ మా ఎలక్ట్రీషియన్ యాదగిరన్న, టార్చ్ పట్టుకుని బావగారు. ఏసీ వోల్టులు లేవు. ఇనుప పడవ ప్లగ్ ఊడదీసి ఉన్నప్పుడు 41 మిల్లీఆంపియర్లు, ప్లస్. అది పెట్టగానే 62. బావగారు టార్చ్ దించి "కరెంటే ఆఫ్ చేశాం కదరా, ఇదెక్కడిది" అన్నారు. అప్పటి నుంచి నవ్వడం మానేశారు.

కెమిస్ట్రీ మేడమ్

ఆ కరెంటు డిస్ట్రిబ్యూషన్ కంపెనీది కాదు, మీ పడవది! మీ పడవ కరుగుతూ తయారు చేస్తున్న కరెంటు అది.

ఎంత కరిగిందో ఫారడే లెక్క చెప్తుంది. ఒక ఆంపియర్-గంటకి అల్యూమినియం 0.336 గ్రాములు. 62 మిల్లీఆంపియర్లు ఎనిమిది నెలలు, అంటే సుమారు 5,840 గంటలు ఆగకుండా పారిందనుకుంటే 362 ఆంపియర్-గంటలు, అంటే 121 గ్రాములు. ఇంతేనా అనిపిస్తుంది. కానీ అల్యూమినియం తేలిక కదా, 121 గ్రాములంటే 45 ఘన సెంటీమీటర్లు. అది పడవంతా సమంగా అరిగితే మీకు తెలిసేదే కాదు. అల్యూమినియానికి సహజంగా ఒక సన్నటి ఆక్సైడు పొర ఉంటుంది, అదే దాని రక్ష. ఆ పొర ఎక్కడ చిట్లితే అక్కడే కరుగుదల అంతా పోగుపడుతుంది. కందిబద్దంత గుంటలుగా లెక్కేస్తే వందల గుంటలకి సరిపోయే లోహం అది. అందుకే స్క్రూడ్రైవర్ దిగింది.

బాలానగర్ ఫిట్టర్

మేడమ్ గారు నా మార్కులు కూడా ఇట్లనే లెక్కేసుంటే నేను పదో తరగతి గట్టెక్కేవాణ్ణి.

శీనన్నా, రాగి పలక తీసి జీఐ పైపు ఎర్తింగ్ పెట్టిస్తే సరిపోదా? జీఐ మీద జింకే కదా ఉండేది.

రిటైర్డ్ ఏఈ

కొన్నాళ్లు బాగుంటుంది. పైపు మీద జింకు ఉన్నన్నాళ్లు అదే పడవకి బిళ్లలా పనిచేస్తుంది, అది పోయాక లోపలి ఇనుము బయటపడి మళ్లీ మొదటికే. ఆ లోపు మీ ఎర్త్ పైపు కూడా సన్నబడుతుంది. జబ్బుని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చడమే. పైగా రేపు ఇంకో పడవ కొంటారు, దాని లోహం ఏదో. వైరులో డీసీని ఆపాలి, అదే దారి.

కూకట్‌పల్లి కింగ్

దానికి గాల్వానిక్ ఐసోలేటర్ అని ఉంటది కదా, వీడియోలో చూసిన. నాలుగు డయోడ్లే లోపల. కోఠీ గుజరాతీ గల్లీలో 35 ఆంపియర్ల బ్రిడ్జి రెక్టిఫయర్ దొరుకుతది, ప్లస్ మైనస్ కాళ్లు షార్ట్ చేసి, ఏసీ కాళ్లు రెండిటినీ ఎర్త్ వైరు మధ్యలో పెడితే అయిపాయె. పిన్ను పీకమన్నందుకు ఈసారి సరిగ్గా చెప్తున్నా.

రిటైర్డ్ ఏఈ

సర్క్యూట్ కరెక్టే చెప్పారు. అది ఎందుకు పనిచేస్తుందో అందరికీ అర్థమయ్యేలా చెప్తాను. చెరువుకి అలుగు ఉంటుంది కదా. రోజువారీ నీళ్లు అలుగు ఎత్తుకి రావు కాబట్టి లోపలే ఉంటాయి. వరద వస్తే ఆ అలుగు మీదుగానే పారి గట్టు తెగకుండా కాపాడుతుంది. డయోడ్ అంటే కరెంటును ఒక దిక్కుకే వదిలే తలుపు, ఒక్కోటి తెరుచుకోవాలంటే సుమారు 0.6, 0.7 వోల్టులు కావాలి. ఒక్కో దిశలో రెండేసి వరసగా పెడితే 1.2 నుంచి 1.4 వోల్టుల ఎత్తు అలుగు. అల్యూమినియం, రాగి మధ్య తేడా అర వోల్టు లోపే కాబట్టి అది దాటలేదు. ఫేజ్ బాడీకి తగిలితే వచ్చే 230 వోల్టుల వరద మాత్రం దర్జాగా దాటుతుంది, ఎంసీబీయో ఆర్‌సీసీబీయో పడుతుంది.

అసలు ప్రమాదం ఆ వరద రోజునే. షార్ట్ అయినప్పుడు ఒక్క క్షణం వందల ఆంపియర్లు పారొచ్చు. గల్లీలో కొన్న బ్రిడ్జి దాన్ని తట్టుకోలేక తెగిపోయిందనుకోండి, ఎర్త్ తెగినట్టే, పిన్ను పీకేసినట్టే. అది తెగిన సంగతి కూడా ఎవరికీ తెలీదు. అమెరికన్ పడవల ప్రమాణాల సంస్థ ఏబీవైసీ ఐసోలేటర్ల కోసమే ఏ-28 అని విడిగా ఒక ప్రమాణం పెట్టింది, ఫెయిల్ అయినా ఎర్త్ తెగకూడదన్నదే అక్కడ ముఖ్యం. కొంటే అలాంటిది కొనండి, ఇంట్లో చేయొద్దు. కెపాసిటర్ ఉన్నది తీసుకోండి. చార్జర్ల ఫిల్టర్ల నుంచి ఎర్త్‌లోకి ఎప్పుడూ కొంచెం ఏసీ లీకవుతూనే ఉంటుంది, కెపాసిటర్ లేకపోతే అది డయోడ్లని తెరిచి పట్టుకుంటుంది, ఆ సందులోంచి డీసీ కూడా జారిపోతుంది.

ఏటా రెండుసార్లు ప్లగ్ ఊడదీసి మల్టీమీటర్ డయోడ్ మోడ్‌లో రెండు దిక్కులా చూడాలి. కెపాసిటర్ నిండేదాకా అంకె నెమ్మదిగా ఎక్కుతుంది. దాదాపు ఒక వోల్టు దగ్గర ఆగితే బాగున్నట్టు. సున్నా చూపిస్తే డయోడ్ షార్ట్, పడవకి కాపు లేదు. ఓపెన్ చూపిస్తే మనిషికి కాపు లేదు.

మౌనంగా చదివేవాణ్ణి

ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే ఇవేవీ అక్కర్లేదు కదా సార్? మా ఆఫీసు సర్వర్ రూములో ఉంది.

రిటైర్డ్ ఏఈ

అది అన్నిటికన్నా మంచిది. గట్టు కరెంటుకీ పడవ కరెంటుకీ మధ్య అయస్కాంత క్షేత్రం తప్ప లోహపు సంబంధమే ఉండదు, గట్టు ఎర్త్ పడవ బాడీ దాకా రానే రాదు. పడవలో కొత్త సప్లై మొదలైనట్టు, న్యూట్రల్‌ని అక్కడే బాడీకి కలపాలి, ఆర్‌సీసీబీ మళ్లీ అక్కడ విడిగా పెట్టాలి. పెద్ద పడవలకి, ఏసీలూ ఫ్రిజ్‌లూ ఉన్నవాటికి అదే. కానీ మూడున్నర కేవీఏది పాతిక ముప్పై కిలోలు తూగుతుంది. పన్నెండు కుర్చీల పడవలో ఒక మనిషి సీటు పోతుంది.

విశాఖ లాంచీ

నాదో చిన్న సందేహమండీ. ఆ పడవలో ఏసీతో నడిచే వస్తువు చార్జర్ ఒక్కటే కదా? లైట్లు, ఫ్యాన్లు అన్నీ బ్యాటరీ మీదే అయితే అసలు 230 వోల్టుల్ని నీళ్ల మీదకి తీసుకెళ్లడమెందుకు? చార్జర్‌ని విప్పి గట్టు మీద షెడ్డులో పెట్టుకోండి. షెడ్డు నుంచి పడవకి డీసీ వైర్లు రెండే, ఎర్త్ లేదు, పచ్చ వైరు లేదు. మా దగ్గర చిన్న పడవలకి బ్యాటరీనే భుజాన వేసుకుని ఒడ్డుకి తెచ్చి చార్జింగ్ పెడతారు, వాళ్లకి ఏ ఐసోలేటర్ సంగతీ తెలీదు, ఏ పడవా కరగలేదు.

రిటైర్డ్ ఏఈ

నేను ఇంత ఉపన్యాసం ఇచ్చాను, ఈయన ఒక్క ముక్కలో తేల్చేశారు. ఇదే చేయండి శీనుగారూ.

చార్జర్ లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది కాబట్టి అదే మీ ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్. కాకపోతే ఒకటి చూసుకోవాలి, కొన్నిటిలో డీసీ మైనస్‌ని చార్జర్ బాడీకి కలిపేస్తారు. కరెంటు లేనప్పుడు ప్లగ్ ఎర్త్ పిన్నుకీ డీసీ మైనస్‌కీ మధ్య ఓమ్‌లు కొలవండి. బీప్ వస్తే ఆ చార్జర్ వద్దు. తర్వాత పడవలో బ్యాటరీ మైనస్‌కీ అల్యూమినియం బాడీకీ మధ్య కూడా కొలవండి. అక్కడా సంబంధం ఉండకూడదు. పడవ బాడీని రిటర్న్ వైరుగా వాడే అలవాటు కార్లది, అల్యూమినియం పడవలో అది నేరం. 48 వోల్టులు ఎక్కడైనా అడుగు నీళ్లలోకి లీకైతే దానిముందు ఈ 62 మిల్లీఆంపియర్లు దిగదుడుపు, నెలల్లో కాదు, రోజుల్లో తూట్లు పడతాయి.

డీసీ కేబుల్‌కి సన్న వైరు వేయకండి. 20 ఆంపియర్లకి పదిహేను మీటర్ల దూరమైతే 16 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేయండి, రానూ పోనూ కలిపి ముప్పావు వోల్టు లోపే పడిపోతుంది. బ్యాటరీ దగ్గర ఫ్యూజ్ తప్పనిసరి.

గట్టుమీద శీను

ఎర్త్ పిన్నుకీ డీసీ మైనస్‌కీ బీప్ రాలేదు. పడవలో మాత్రం బ్యాటరీ మైనస్‌కీ బాడీకీ బీప్ వచ్చింది! వెతికితే హారన్ బిగించినవాడు దాని మైనస్‌ని రెయిలింగ్ బోల్టుకి చుట్టేశాడు. విప్పి విడిగా వైరు లాగాం. ఇంకా బీప్ రావడం ఆగలేదు, చార్జర్ ఇనుప బాడీ నాలుగు బోల్టులతో ప్లాట్‌ఫారానికి తగిలే ఉంది, ఎర్త్ పడవకి చేరింది ఆ దారినే కాబోలు. చార్జర్ విప్పాం, అయినా బీప్. చివరికి నీళ్లు తోడే చిన్న పంపు వైరు పీపా అంచుకి రాసుకుని తొడుగు చిరిగి ఉంది. అది మార్చాక నిశ్శబ్దం. యాదగిరన్న ఆ చిరిగిన ముక్క కత్తిరించి జేబులో వేసుకున్నాడు, ఆ పంపు బిగించిన వాడికి చూపిస్తాడట.

మేడమ్, మెగ్నీషియం బిళ్లలు పెట్టాక పని చేస్తున్నాయో లేదో ఎలా తెలుస్తుంది? మళ్లీ ఎనిమిది నెలలు ఆగి స్క్రూడ్రైవర్ గుచ్చాలంటే భయంగా ఉంది.

కెమిస్ట్రీ మేడమ్

గుచ్చనక్కర్లేదు. సముద్రంలో వెండి ఎలక్ట్రోడ్ వాడతారు, మంచినీళ్లకి రాగి–మైలుతుత్తం ఎలక్ట్రోడ్ మేలు. భూమిలో పైపులైన్ల వాళ్లు వాడేది అదే. మైలుతుత్తం అంటే తోటల్లో బోర్డో మిశ్రమానికి సున్నంతో కలిపే నీలం పలుకులే. గొట్టంలో దాని చిక్కటి ద్రావణం, మధ్యలో శుభ్రమైన రాగి కడ్డీ, అడుగున నీరు నెమ్మదిగా ఊరే సచ్ఛిద్రమైన బిరడా. రెడీమేడ్‌గా కూడా దొరుకుతుంది. గొట్టాన్ని పడవ పక్కన నీళ్లలో ముంచి, మీటర్ నల్ల ప్రోబ్ రాగి కడ్డీకి, ఎర్రది పడవ లోహానికి, డీసీ వోల్టులు. బిళ్లలు లేకుండా, ప్లగ్ లేకుండా ఒక అంకె రాసుకోండి. బిళ్లలు పెట్టి ఒకటి రెండు రోజులాగి మళ్లీ కొలవండి. కనీసం 100 మిల్లీవోల్టులు ఇంకా మైనస్ వైపు జరగాలి. అలాగని మైనస్ 1.2 వోల్టులు దాటనివ్వకండి, అల్యూమినియానికి అతి కాపుదల కూడా చేటే. దాని చుట్టూ క్షారం పెరిగి దాన్నే తినేస్తుంది. మెగ్నీషియం బలమైనది కదా, నాలుగు పెట్టే ముందు రెండుతో మొదలుపెట్టండి.

ద్రావణం చెరువులో ఒలికించకండి, చేపలకి విషం.

గట్టుమీద శీను

మూడు వారాల తర్వాత రాస్తున్నా, ఆలస్యానికి సారీ.

విప్పిన చార్జర్‌ని షెడ్డులోనే గోడకి బిగించాం. డీసీ కేబుల్, గుచ్చి తీసే కనెక్టర్, బ్యాటరీ దగ్గర ఫ్యూజ్. ఇనుప పడవకి కూడా అదే ఏర్పాటు, ఇక నీళ్ల మీద 230 వోల్టులు ఎక్కడా లేవు. గోడకి బిగించే ముందు చార్జర్‌ని పడవలో పాత చోటే ఆనించి, ప్లగ్ పెట్టి చివరిసారి కొలిస్తే మైనస్ 680 మిల్లీవోల్టులు, ప్లగ్ తీసేసి ఒక రోజు వదిలేస్తే మైనస్ 790. అంటే ఎర్త్ వైరు ఒక్కటే 110 లాగేస్తోంది. రెండు మెగ్నీషియం బిళ్లలు పెట్టాక మూడో రోజు మైనస్ 960 దగ్గర నిలబడింది. బిళ్లలు అప్పుడే గరుకుగా తయారయ్యాయి, విశాఖ గారు సంతోషించొచ్చు.

బావగారు రాగి పలక తీయనివ్వలేదు, తీయాల్సిన అవసరమూ లేదన్నాను. ఇప్పుడు వచ్చిన గెస్టులందరికీ పడవ ఎక్కే ముందు మైలుతుత్తం గొట్టం చూపించి క్లాసు పీకుతున్నారు.

మిగిలింది గుంటలు. ఎడమ పీపాకి తొమ్మిది చోట్ల లోతుగా ఉన్నాయి. ఎపాక్సీ కొట్టి వదిలేయనా, వెల్డింగ్ చేయించనా?

బాలానగర్ ఫిట్టర్

ఒక మిల్లీమీటర్ లోపు లోతున్నవి శుభ్రంగా గీకి ఎపాక్సీ పెట్టొచ్చు. స్క్రూడ్రైవర్ దిగినదానికి మాత్రం రేకు కోసి ప్యాచ్ వెయ్యాల్సిందే, టిగ్ వెల్డింగ్‌తో. తెల్లపొడి పూర్తిగా పోయేదాకా స్టెయిన్‌లెస్ బ్రష్‌తో రుద్దండి, ఇనుప బ్రష్ వాడకండి, దాని ముక్కలు ఇరుక్కుంటే మళ్లీ అదే కథ. పైన రంగు వేసేటప్పుడు నాచు పట్టకుండా ఉంటదని ఎవడైనా రాగి కలిసిన పెయింటు చేతిలో పెడితే తీసుకోకండి.

పడవంతా వద్దు, ఎడమ పీపా ఒక్కటే విప్పి ట్రాలీ ఆటోలో పంపండి. శనివారం పొద్దున ఎనిమిదింటికల్లా వస్తే సాయంత్రానికి అయిపోతుంది. ఆ స్క్రూడ్రైవర్ గుచ్చినచోట మార్కర్‌తో సున్నా చుట్టి పంపండి, వెతకలేను.

కూకట్‌పల్లి కింగ్

కూలర్‌కి మూడు పిన్నుల ప్లగ్ పెట్టించిన. పెట్టంగనే ఆర్‌సీసీబీ పడిపోయింది. ఇన్ని రోజులు లోపల లీకేజీ ఉన్నట్టేనా ఏఈ సార్?

రిటైర్డ్ ఏఈ

ఉన్నట్టే. ప్లగ్ తీసేసి పక్కన పెట్టండి, పంపు మోటారు మార్చేదాకా పిల్లల్ని దాని దగ్గరికి పోనివ్వకండి.